నూనె కనిపించాకే నిప్పు

మా కాలేజీలో నా తర్వాత చాలా ఏళ్లకు మెకానికల్ చదివిన మానస మొన్న ఫోన్ చేసింది. హైదరాబాదులో కార్లకు టర్బోలు బిగించే ఒక వర్క్‌షాపులో చేరబోతోందట. "అక్కా, నువ్వు గా పని చేసినవ్ గదా. ఎట్లుంటది? భయపడాల్నా?" అని అడిగింది. పాప లేచిందని చెప్పి ఫోన్ పెట్టేశాను. పాప లేవలేదు. ఫోనులో చెప్పేంత చిన్న జవాబు నా దగ్గర లేదు, అంతే.

అందుకే రాస్తున్నాను. వృత్తి అనుభవాలు రాసేవాళ్లు సాధారణంగా జుట్టు నెరిసి, సభలో శాలువా కప్పించుకుని ఇంటికొచ్చినవాళ్లు. నేను మానేసే నాటికి నాకు ముప్పై కూడా లేవు. శాలువా ఎవరూ కప్పలేదు. కానీ ఇక ఆ పనిలోకి పోను కనుక నన్నూ రిటైరైనవాళ్లలోనే వేసుకోండి. పాప నిద్రలో కదిలినప్పుడల్లా లేచి, ఊపిరి చూసి వచ్చి రాస్తున్నాను. అక్కడక్కడ మాట తెగితే కారణం అదే.

పని అంటే ఏమిటి

బయటివాళ్లు దీన్ని వేగం పని అనుకుంటారు. ఇది వేడి పని. ఇంజిన్ వదిలే పొగ ఊరికే సైలెన్సర్‌లోంచి పోతుంది. ఆ దారిలో ఒక చిన్న చక్రం పెడితే అది తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో చివర ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెడుతుంది. ఆ జంట చక్రాలే టర్బో. ఎక్కువ గాలి, దానికి తగ్గ పెట్రోలు, ఎక్కువ బలం. పుస్తకంలో ఇది అర పేజీ.

కంపెనీ టర్బో పెట్టని కారుకు మనం పెట్టాలంటే మాత్రం అన్నిటికీ చోటు వెతకాలి. పొగ గొట్టాలు కొత్తగా కోసి వెల్డింగ్ చేయాలి. గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌ను ముందు బంపర్ వెనక ఇరికించాలి. ఎర్రగా కాలే టర్బోకు జానెడు దూరంలోనే వైర్లు, బ్రేకు గొట్టాలు ఉంటాయి. వాటన్నిటికీ వేడి తగలకుండా రేకులు కట్టాలి. చివర్న, ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో, ఎప్పుడు నిప్పురవ్వ వేయాలో ఇంజిన్‌లోని కంప్యూటర్‌కు మళ్లీ నేర్పాలి. దాన్ని మ్యాపింగ్ అంటాం. అది నా పని. వెల్డింగ్, బిగింపు మా ఓనరు రాజన్న పని.

రాజన్న వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టాడు. మగ్గం మీద కూర్చోలేక పారిపోయి వెల్డింగ్ నేర్చుకున్నానని తనే నవ్వుతూ చెప్పేవాడు. ఊరు దాటాక ఖమ్మం రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకున్నాడు. వెల్డ్ చేసిన గొట్టం చల్లారిందా లేదా అన్నది ముట్టుకోకుండా చెప్పేవాడు. అరచెయ్యి దగ్గరగా పెట్టి, కళ్లు మూసుకుని, "ఇంక ఆగాలె చెల్లె, లోపల మండుతాంది" అనేవాడు. నేను వేడి కొలిచే గన్ పెట్టి చూసేదాన్ని. ఎక్కువసార్లు ఇద్దరి లెక్కా కలిసేది. కలవనినాడు గన్‌దే నిజమని నేను, చేతిదే నిజమని ఆయన పంతం పట్టేవాళ్లం.

ఆయన దగ్గర మార్పులేని నియమం ఒకటుండేది. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. దాన్ని మోసేది పల్చటి నూనె పొర ఒక్కటే. కొత్తగా బిగించినప్పుడు గొట్టాలన్నీ పొడిగా ఉంటాయి. అందుకని ముందు కారులోని పెట్రోలు పంపు ఫ్యూజు పీకేసి, ఇంజిన్ అంటుకోకుండా ఊరికే తిప్పాలి. టర్బో కింద నూనె తిరిగి వచ్చే గొట్టాన్ని విప్పి ఒక సీసాలో పెట్టాలి. ఆ సీసాలో నూనె పడితే పైనుంచి కిందికి దారి ఉందని అర్థం. అప్పుడే ఫ్యూజు పెట్టాలి. "నూనె కనవడ్డంకనే నిప్పు" అనేవాడు రాజన్న. ఫ్యూజును తన అంగీ జేబులో వేసుకునేవాడు. అడిగినా ఇచ్చేవాడు కాదు.

ఇంటర్‌కూలర్‌లో పత్తి

చేరిన కొత్తల్లో ఒక పత్తి వ్యాపారి కారు మా దగ్గరికి తిరిగి వచ్చింది. బండి వేడెక్కుతోంది, బలం లేదు. ఇద్దరం ఒకరి మీద ఒకరం పడ్డాం.

"నీ ల్యాప్‌టాప్ల ఏదో లొల్లి జేసినవ్."

"ల్యాప్‌టాప్ నిన్న ఎట్లుందో ఇయ్యాల అట్లనే ఉన్నది. నీ వెల్డింగ్ ఎక్కడ్నో పలిగింది, చూసుకో."

"నా వెల్డింగా? నా వెల్డింగ్ పట్టుకొని ఏనుగు ఊగుతది."

సాయంత్రం దాకా ఇదే. చివరికి బంపర్ విప్పితే ఇంటర్‌కూలర్ రెక్కల నిండా పత్తి నూగు పరుపులా పేరుకుని ఉంది. ఆ కారు రోజూ తిరిగేది మార్కెట్ యార్డులోనే. రాజన్న ఆ నూగును ఒక పొరలాగా లాగి పైకెత్తి, "దిండు కుట్టుకుందాం, చెరి సగం" అన్నాడు.

మానసా, బండి ఎక్కడ బతుకుతుందో, ఎవరి మధ్య బతుకుతుందో తెలుసుకోకుండా దాని మీద చెయ్యి వేయొద్దు. ఇంజిన్ అందరికీ ఒకటే. చుట్టూ ఉన్న ఊరు ఒకటి కాదు. ఈ సంగతి ఆ రోజు మాకు నవ్వులాటగా తెలిసింది. తర్వాత నవ్వు లేకుండా తెలిసింది.

తొర్రూరు నుంచి వచ్చిన కారు

నరేష్‌కు తొర్రూరులో ఎరువుల దుకాణం. ఎవరి దగ్గరో జపాన్ తయారీ పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాడు. నేలకు ఆనుకున్నట్టుండే ఎర్ర కారు. దానికి టర్బో కావాలన్నాడు. అలాంటి బండి మా షెడ్డుకు ఎప్పుడూ రాలేదు. రాజన్న దాని చుట్టూ తిరిగి తిరిగి, "పిల్ల లెక్క ఉన్నది. దీనికి చెవులు కుట్టాల్నంటానవా?" అన్నాడు నరేష్‌తో. కానీ ఆయన కళ్లు మెరవడం నేను చూశాను.

నెలల తరబడి చేశాం. ఆ కారు పొగ గొట్టాల వెల్డింగ్ రాజన్న జీవితంలోనే మంచిది. అతుకులు చేప పొలుసుల్లా వరసగా పడ్డాయి. అప్పటికి నేను కడుపుతో ఉన్నాను, నాలుగో నెల. రాజన్నకు చెప్పకముందే ఆయన భార్య సరోజ వదినె కనిపెట్టింది. రోజూ నాకని వేరే డబ్బా కట్టి పంపేది. డబ్బా నా ముందు పెట్టి రాజన్న గర్వంగా చెప్పేవాడు: "మా కోడలు తినాలె ఇది. నీక్కాదు."

ఆడపిల్లే అని ఆయన ముందే తీర్మానించుకున్నాడు.

ముహూర్తం

బిగింపు అయిపోయిన రోజు పొద్దున నూనె పరీక్ష మొదలుపెట్టాం. ఫ్యూజు రాజన్న జేబులో ఉంది. సీసా కింద ఉంది. ఇంజిన్ తిప్పుతున్నాం, ఆపుతున్నాం, బ్యాటరీ వేడెక్కకుండా ఆగుతున్నాం. సీసా ఇంకా పొడిగానే ఉంది.

అప్పుడు నరేష్ వాళ్లమ్మ కనకమ్మ ఆటో దిగింది. వెంట పంతులు, బంధువులు ఓ నలుగురు, పూలదండ, గుమ్మడికాయ. ఇయ్యాల్నే మంచి ముహూర్తముందని నరేష్ మాకు చెప్పకుండా పిలిచాడు. కొత్త బండికి పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెడితే, బండి వాటిని తొక్కుకుంటూ ముందుకు పోవాలి. పాత కారే అయినా వాళ్ల ఇంటికి అది కొత్త బండి.

పూజ అయింది. నిమ్మకాయలు పెట్టారు. పంతులు గడియారం చూశాడు.

"జర ఆగుండ్లి అమ్మా. ఇంక నూనె రాలే" అన్నాడు రాజన్న.

"ముహూర్తం ఆగుతదా కొడుకా?"

నాకు తోచింది నేను చెప్పాను. "రాజన్నా, బండిని నూకుదాం. నిమ్మకాయలు తొక్కితె సాలు గదా. ఇంజినెందుకు?"

నరేష్ నన్ను వింతగా చూశాడు. "ఏందక్కా గట్లంటవ్? కొత్త బండిని నలుగురు నూకుకుంట పోతరా? పాడె లేపినట్టుండదా?"

కనకమ్మ కోప్పడలేదు. అదే కష్టమైంది. రాజన్న దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది: "వీళ్ల నాయిన ట్రాక్టర్ తెచ్చిన నాడు గిట్లనే పని తొందరని పూజ ఇడిసిపెట్టినం. ఆ ట్రాక్టర్ కిందనే పోయిండు. వీడు ఒక్కడే ఉన్నడు నాకు. నీకు దండం బెడ్త, బండిని నడిపియ్యి."

రాజన్న చెయ్యి జేబులోకి పోయింది. నా వైపు చూడలేదు. "రెండు నిమిషాలే చెల్లె" అని విప్పిన గొట్టం మళ్లీ బిగించి, ఫ్యూజు పెట్టాడు.

ఇంజిన్ మొదటిసారికే అంటుకుంది. టర్బో సన్నగా ఈల వేసింది. నిమ్మకాయలు చిట్లాయి. గేటు దాకా పోయి ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. కనకమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

వాళ్లు పోయాక మళ్లీ ఫ్యూజు పీకి పరీక్ష చేశాం. ఎంతసేపటికీ నూనె రాలేదు. రాజన్న పై గొట్టం విప్పి గాలి ఊదితే చిన్న రబ్బరు ముక్క బయటపడింది. గొట్టం కోసినప్పుడు లోపల మిగిలిపోయింది. దారికి అదే అడ్డం. అది తీశాక సీసాలో నూనె పడింది. అంటే నిమ్మకాయలు తొక్కినంతసేపూ ఆ ఇరుసు చుక్క నూనె లేకుండా తిరిగింది.

రాజన్న గాలి గొట్టం తీసి చక్రాన్ని వేళ్లతో పట్టుకుని కదిపాడు.

"ఆడుతాంది. కొత్తది గూడ జర ఆడుతది."

"పక్కకు ఆడుతది. ముందుకు వెనక్కి ఆడొద్దు. నువ్వే చెప్పినవ్."

ఆయన మళ్లీ కదిపాడు. అతి చిన్న టక్కుమనే చప్పుడు. ఇద్దరం విన్నాం.

"విప్పి పంపుదాం. బేరింగ్ మారుస్తరు" అన్నాను.

"ఇప్పుడు విప్పితె నరేష్‌కు ఏం చెప్పాలె? పూజ జేసిన బండి మొదటి దినమే కరాబైందని చెప్పాల్నా? ఆ తల్లి మల్ల నిద్రపోతదా?" చక్రం మీంచి చెయ్యి తీసి, "ఫికర్ జేయకు. నూనె దొరికింది గదా, సర్దుకుంటది" అన్నాడు.

రాజన్న నాకు అన్నలాంటివాడు. అయినా ఇక్కడ నిజం రాయాలి. ఆయన తప్పు ఫ్యూజు పెట్టడం కాదు. తల్లి దండం పెడితే కాదనలేని మనిషిని నేను తప్పుపట్టలేను. చక్రం టక్కుమన్నాక కూడా విప్పకపోవడం తప్పు. చేతికి తెలిసినదాన్ని నోటితో కాదన్నాడు. లోహం సర్దుకోదు. ఈ పనిలో మంచివాళ్లందరూ ఇక్కడే పడిపోతారు. ఎదుటి మనిషిని బాధపెట్టకూడదని, బండి చెప్పేది వినడం మానేస్తారు.

వర్ధన్నపేట రోడ్డు

మ్యాపింగ్ షెడ్డులో కొంతవరకే అవుతుంది. మిగిలింది రోడ్డు మీద, ఒకరు నడుపుతుంటే పక్కన ఒకరు ల్యాప్‌టాప్ చూస్తూ చేయాలి. తెల్లవారాక ట్రాఫిక్ పెరగకముందే బయల్దేరాం.

"నువ్వు రాకు చెల్లె. రెండు పానాలున్నయ్" అన్నాడు రాజన్న.

"ల్యాప్‌టాప్ నువ్వు చూస్తవా?"

"నాకేం తెలుస్తది, బొమ్మలు ఎగురుతుంటయ్."

"మరి పోనియ్యి."

ఆయన ఈలోగా మంటలార్పే సిలిండర్ తెచ్చి సీటు వెనక పెట్టాడు. ఎప్పుడూ పెట్టేవాడే. ఆ రోజు పెట్టి, ఒకసారి ఊపి చూసి, మళ్లీ పెట్టాడు.

వర్ధన్నపేట దాటాక రోడ్డుకు రెండు వైపులా వరి పొలాలు. బండి బాగా పోతోంది. తెర మీద గీతలు నేను అనుకున్నట్టే లేస్తున్నాయి. నిజం చెప్పాలంటే ఆ కాసేపు సంతోషంగా ఉంది. తర్వాత ఈల మారింది. కత్తి సాన పెట్టినట్టు గరగరమంది. రాజన్న యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు. అద్దంలో వెనకంతా నీలం పొగ. బండి పక్కకు ఆగేలోపే బానెట్ సందుల్లోంచి కూడా పొగ రావడం మొదలైంది.

"దిగు. దూరం ఉరుకు. ఎనకకు జూడకు."

నేను దిగి పొలం గట్టు దాకా పోయాను. వెనక్కి చూశాను.

లోపల జరిగింది తర్వాత విప్పినప్పుడు తెలిసింది. బేరింగ్ పోయి ఇరుసు ఊగింది, ఆ అదురుకు నూనె గొట్టం బిగింపు దగ్గర చిట్లింది, నూనె ఎర్రగా కాలిన టర్బో మీద చిమ్మింది. ఆ సమయంలో నాకు కనిపించింది మాత్రం రాజన్న ఒక్కడే. బండి వదిలేసి నా దగ్గరికి వస్తాడనుకున్నాను. సిలిండర్ తీసుకున్నాడు. బానెట్ అంచు కింద వేళ్లు పెట్టి కొక్కెం తీసి పైకెత్తాడు. గాలి తగలగానే మంట ఒక్కసారిగా లేచింది.

మానసా, ఇది రాసి పెట్టుకో. ఇంజిన్‌లో మంట ఉంటే బానెట్ ఎత్తొద్దు. సందులోంచే కొట్టాలి. ఈ సంగతి రాజన్నకు తెలియదనుకోకు. షెడ్డులో ప్రతి ఒక్కరికీ చెప్పింది ఆయనే. కానీ మంటలో ఉన్నది ఆ తల్లి పూజ చేసిన కారు. ఆయన ఒక చేత్తో బానెట్ పట్టుకుని రెండో చేత్తో సిలిండర్ కొడుతూ నిలబడ్డాడు. సిలిండర్ అయిపోయాక ఆ చేత్తోనే గుప్పిళ్లకొద్దీ మట్టి తీసి పోశాడు. పొలంలో ఉన్న రైతు తడిపిన గోనెసంచులతో పరుగెత్తుకొచ్చేదాకా ఆ బానెట్ వదల్లేదు.

కారు బతికింది. ముందు భాగం రంగు ఉబ్బింది, అంతే.

కొత్తవాడ

దవాఖానలో రాజన్న చాలా వారాలున్నాడు. తొడ చర్మం తీసి రెండు చేతులకూ వేశారు. వేళ్లు వంగుతాయి కానీ పూర్తిగా ముడుచుకోవు. వెల్డింగ్ టార్చ్ పట్టుకుంటే జారిపోతుంది. షెడ్డు ఇప్పుడు వేరేవాళ్ల చేతిలో ఉంది. అక్కడ పంక్చర్లు వేస్తారు, ఆయిల్ మారుస్తారు.

కనకమ్మ దవాఖానకు రోజూ వచ్చేది. ఒకరోజు నా ముందే ఆయన తల నిమురుతూ అంది: "పూజ జేసినం గాబట్టే పానాలు దక్కినయ్ కొడుకా. లేకుంటే ఏమయ్యేదో."

నేను నోరు తెరవబోయాను. రాజన్న కట్లు కట్టిన చెయ్యి కొంచెం ఎత్తి నన్ను ఆపాడు. "అవునమ్మా" అన్నాడు.

ఆ రోజే నాకు తెలిసింది, ఇక ఈ పని నేను చేయలేనని. ప్రమాదం చూసి కాదు. ఆ "అవునమ్మా" విని. నరేష్ టర్బో లేకుండానే కారు నడుపుకుంటున్నాడు. అదే ఎర్ర కారులో పండక్కి రాజన్న ఇంటికి బట్టలు తెస్తాడు. మంచివాడే. అందరూ మంచివాళ్లే.

పాప పుట్టింది. రాజన్న అన్నట్టే ఆడపిల్ల. పోయిన నెల దాన్ని తీసుకుని కొత్తవాడ వెళ్లాను. సరోజ వదినె మగ్గం మీద సగం నేసిన జంపఖానా వదిలి లేచి, పాలు కాచి స్టీలు గ్లాసుల్లో తెచ్చింది. పాప "మామా" అంటూ రాజన్న మోకాళ్లు పట్టుకుంది. దాన్ని ఒక్క క్షణం కూడా కనుచూపు దాటనివ్వని నేను, ఆయన దగ్గర మాత్రం వదిలేస్తాను.

రాజన్న ఒక గ్లాసు అందుకుని రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. నీళ్ల గ్లాసు పట్టుకున్నట్టు నిమ్మళంగా పట్టుకున్నాడు.

"సల్లగైనయ్. దా కోడలా, తాగు" అని పాప నోటి దగ్గరికి తెచ్చాడు.

పాప చేతులు చాచింది. ఎందుకో నేను ముందుకు వంగి గ్లాసు పట్టుకున్నాను. వేళ్లు చుర్రుమన్నాయి. పాలు చేతి మీద ఒలికాయి. నా నోట్లోంచి అరుపు రాకుండా ఆపుకున్నాను కానీ వదినె చూసింది.

రాజన్నా చూశాడు. గ్లాసు వైపు, నా ఎర్రబడ్డ వేళ్ల వైపు, తర్వాత తన అరచేతుల వైపు. ముట్టుకోకుండా వేడి చెప్పిన చేతులవి. గ్లాసును మెల్లగా కింద పెట్టాడు.

"నాకియ్యుండ్లి, నేను సల్లార్చి తెస్త" అంది వదినె.

పాపకు ఏమీ అర్థం కాలేదు. మళ్లీ గ్లాసు వైపు చెయ్యి చాచింది. రాజన్న తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఆగు కోడలా" అన్నాడు. "మీ అమ్మ ముట్టి చూసినంకనే తాగాలె."